నల్లమల వాకిట చల్లని పెట్టె

శ్రీశైల క్షేత్రమునకు నాలుగు దిక్కుల నాలుగు ద్వారములు గలవని పెద్దలు చెప్పుదురు. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. ఈ నాలుగింటిని చూచి, నడుమ మల్లికార్జునస్వామిని, భ్రమరాంబికను సేవించి రావలెనని మా అత్తగారికి చిరకాలపు కోరిక. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున పర్వతప్రకరణమని ఒక భాగమునే ఈ కొండకై కేటాయించెను గనుక క్షేత్రమహిమను గూర్చి మేము క్రొత్తగా చెప్పగలిగినది లేదు. మేము చెప్పబూనినది మా వెంట వచ్చిన యొక చిన్న ఫ్రిజ్జుపెట్టె సంగతి. మా యాత్ర సాగుటయు ఆగుటయు దానిపై ఆధారపడి యుండెను.

మా అత్తగారికి మధుమేహము. దినమునకు రెండు వేళల రెండు రకముల ఇన్సులిను ఎక్కించుకొనవలెను. 1921వ సంవత్సరమున కెనడాలోని టొరంటో నగరమున ఈ మందును కనుగొనకముందు ఈ వ్యాధి ముదిరినవారి గతి యేమై యుండెనో తలచుకొన్నచో ఆ చిన్న గాజుగొట్టములకు దండము పెట్టవలెననిపించును. అయితే ఆ మందు మిక్కిలి సుకుమారమైనది. తెరవని గొట్టములను 2 మొదలు 8 డిగ్రీల నడుమ ఉంచవలెను. వాడుకకు తీసినది, చాల రకములలో, 30 డిగ్రీలు మించని చోట నాలుగు వారములు నిలుచును. వేడికి దాని శక్తి తగ్గును. గడ్డకట్టినచో పూర్తిగా చెడును. కరగిన పిమ్మట చూపునకు మరల బాగుగనే కనబడవచ్చును గాని పనికిరాదు. కనుక మంచుగడ్డలు పోసిన డబ్బాలో పడవేసి పోవుదమన్న వీలులేదు. మంచుకు ఆనిన గొట్టము గడ్డకట్టును, మంచు కరగినచో తక్కినవి వేడెక్కును. మార్గమధ్యమున కొనరాదా యని మీరడుగవచ్చును. పట్టణములలో కొనవచ్చును. ఆమె వాడు రెండు రకములును ప్రతి యూరి దుకాణమునను ఉండవు.

మావారికి బడి సెలవులు మే మాసమున గాని దొరకవు. పల్నాటి ఎండలు 42, 43 డిగ్రీలకు ఎక్కు దినములవి. మా మరిదికి వ్యాపారనిమిత్తము కొన్న పికప్పు బండి యొకటి కలదు. ముందు రెండు వరుసల ఆసనములు, వెనుక తెరచిన తొట్టి, దానిపై టార్పాలిను కప్పు. ఐదుగురు సుఖముగా కూర్చుండవచ్చును. సామానుకు కొదువ లేదు. ఆ తొట్టిలో ఫ్రిజ్జుపెట్టెను పెట్టి, బండి బ్యాటరీనుండి దానికి కరెంటు ఇచ్చి, ఎనిమిది దినములు తిరిగి రావలెనని నిర్ణయమయ్యెను.

పెట్టె ఎన్నికలోనే మొదటి చర్చ. బజారులో ఇట్టి పెట్టెలు రెండు జాతులు. ఒకదానిలో కంప్రెసరు ఉండదు. రెండు వేర్వేరు లోహములు కలియు చోట విద్యుత్తు పారినప్పుడు ఒకవైపు చల్లబడి రెండవవైపు వేడెక్కునను సూత్రముపై అది నడచును. ఈ సంగతిని 1834లో పెల్టియే యను ఫ్రెంచి దేశస్థుడు కనుగొనెను. ఈ జాతిది చౌక, తేలిక, చప్పుడు తక్కువ. కాని అది బయటి వేడిమికంటె ఇంచుమించు 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలదు. బయట 42 ఉన్నప్పుడు లోపల 22. మజ్జిగకు అది చాలును, ఇన్సులినుకు చాలదు. పైగా ఎండలో అది క్షణము విశ్రమింపక కరెంటును త్రాగుచునే యుండును. రెండవ జాతి మన ఇంటి ఫ్రిజ్జువంటిదే, కంప్రెసరు కలది. వెల హెచ్చు, బరువు హెచ్చు. అయితే కావలసినంత చల్లబడగానే తనంతట తాను ఆగి, మరల వేడి ఎక్కినప్పుడే తిరుగును. మేము 35 లీటర్ల పట్టుగల ఈ రెండవ రకమునే తీసికొంటిమి. వెల వినగానే మా అత్తగారు "ఈ డబ్బుతో కాశీకి పోయి రావచ్చు గదా" అనిరి. అది నిజమే.

ఇక బండిలోని విద్యుత్తు సంగతి. దీనిని మా మరిది చెప్పగా విని, ఇంటిభాషలోనికి మార్చుకొని అర్థము చేసికొంటిమి. బ్యాటరీ అనునది ఇంటి గాదె వంటిది. ఆల్టర్నేటరు అనునది సంపాదనపరుడు. ఇంజను తిరుగుచున్నంతసేపు అది విద్యుత్తును తెచ్చి గాదెలో పోయుచుండును. ఇంజను ఆగినదా, రాబడి నిలిచినది; ఆ తరువాత వాడుకొనునదంతయు గాదెనుండి తీసినదే. తెల్లవారి ఇంజను మరల కదలవలెనన్న సెల్ఫుమోటారునకు కావలసిన పెట్టుబడియు ఆ గాదెలోనే మిగిలి యుండవలెను. డీజిలు ఇంజనును కదల్చుటకు రెండు మూడు క్షణములపాటు వందలకొలది యాంపియర్ల ప్రవాహము కావలెను. మొత్తముమీద అది చాల స్వల్పపు ఖర్చే; ఫ్రిజ్జు పావుగంటసేపు తిరిగినదానికంటె తక్కువ. కాని ఒక్క పెట్టున కావలెను. ఏడాది పొడవున కొద్దికొద్దిగా వెచ్చపెట్టి పెండ్లినాటికి చేతిలో రొక్కము లేని ఇంటివలె, గాదెలో కొంత ఉండియు ఆ వేళకు చేతికందకపోవచ్చును.

మా పెట్టె తిరుగునప్పుడు ఇంచుమించు 60 వాట్లు, అనగా 12 వోల్టుల బండిలో 5 యాంపియర్లు తీసికొనును. మూడింట ఒక వంతు కాలము తిరుగునని లెక్క వేసిన, గంటకు సగటున 1.7 యాంపియరు-గంటలు ఖర్చు. బండి బ్యాటరీ 80 యాంపియరు-గంటలది. మావారు పంచాంగము అట్టపై ఈ లెక్క కట్టి, రాత్రి తొమ్మిది గంటలకు 15 పోగా 65 మిగులునని తేల్చిరి. కాగితముపై అంతయు సుభిక్షముగా నుండెను.

బయలుదేరు ముందు రాత్రియే పెట్టెను ఇంటిగోడ ప్లగ్గునకు తగిలించి, నీళ్ల సీసాలు నింపి బాగుగా చల్లార్చితిమి. ఇది ముఖ్యము. వేడి పెట్టెను చల్లార్చుటకే కరెంటు అధికముగా పట్టును. చల్లని దానిని చల్లగా ఉంచుటకు పట్టునది కొంచెము. చల్లని నీటిసీసాలు లోపల చోటు నింపుటయేగాక తామును చల్లదనమును పట్టి యుంచును. మందుగొట్టములను మెత్తని గుడ్డలో చుట్టి, మూత గల డబ్బాలో పెట్టి, పెట్టె గోడకు తగులకుండ నడుమ ఉంచితిమి. చలువ పుట్టు గోడ ప్రక్కన గడ్డకట్టు భయము హెచ్చు. ప్రక్కనే ఒక ఉష్ణమాపకము. పెట్టెను 5 డిగ్రీలకు అమర్చితిమి. వాడుకలోనున్న మందును మాత్రము పెట్టెలో పెట్టలేదు. చిన్న మట్టికుండలో పెట్టి, ఆ కుండను తడియిసుక పోసిన పెద్దకుండలో దింపి, తడిగుడ్డ కప్పితిమి. ఆ పొడి ఎండలో దాని లోపల 27, 28 డిగ్రీలు దాటలేదు. మాటిమాటికి ఫ్రిజ్జు మూత తెరువవలసిన పని తప్పెను.

నరసరావుపేట దాటి, కోటప్పకొండకు బండిలోనుండియే మ్రొక్కి, ఎండ ముదురునప్పటికి వినుకొండ చేరితిమి. అక్కడ చెట్టునీడను బండి ఆపి భోజనములు చేయుచుండగా పెట్టెపై ఎఱ్ఱదీపము మిణుకుమిణుకుమన నారంభించెను. కంప్రెసరు తిరుగబోవును, ఆగిపోవును. మరల తిరుగబోవును, మరల ఆగును. బ్యాటరీ నీరసించినదని పెట్టె చెప్పుచున్నట్లు దాని పుస్తకములో వ్రాసి యుండెను. మూడు గంటలు పరుగెత్తి వచ్చిన బండి బ్యాటరీ అప్పుడే ఏల నీరసించును? మా మరిది మీటరు తీసి బ్యాటరీవద్ద చూచెను: 12.6 వోల్టులు, నిండుకుండ. పెట్టెవద్ద, తీగ చివర చూచెను: కంప్రెసరు తిరుగబోవు క్షణమున 11కు దిగువ.

దోషము తీగది. బయలుదేరక ముందు మా యూరి మెకానిక్కు ఒకడు క్యాబినులోని లైటరు సాకెట్టునుండి వెనుక తొట్టివరకు సన్నని తీగ లాగి యిచ్చెను. ఇంటిలో దీపమునకు వేయు తీగ అది. ఐదు మీటర్లు పోవుటకు, ఐదు మీటర్లు వచ్చుటకు. ఇంటిలో 230 వోల్టులు ఉండును గనుక ఒక వోల్టు దారిలో పోయినను ఎవరికిని తెలియదు. బండిలో ఉన్నవే పన్నెండు. సన్నని తీగలో 5 యాంపియర్లు పారినప్పుడు ఇంచుమించు ఒక వోల్టు తరుగును. కంప్రెసరు మొదట కదలునప్పుడు రెట్టింపు లాగును గనుక తరుగును రెట్టింపు. 11.1 వోల్టులకు దిగినచో బండి బ్యాటరీని కాపాడుటకై తన్ను తాను ఆపివేసికొను ఏర్పాటు మా పెట్టెలో ఉన్నది. అది బ్యాటరీని చూడలేదు, తన వాకిటికి వచ్చినదానినే చూచును. ఇంజను తిరుగుచుండగా ఆల్టర్నేటరు 14 వోల్టులు ఇచ్చును గనుక దారిలో ఒకటి పోయినను 13 మిగిలెను. అందుచేత బండి నడచినంతసేపు ఈ లోపము బయటపడలేదు. దూరపు పొలమునకు పిల్లకాలువలో నీరు పెట్టినట్లే. చెఱువు నిండుగానే యుండును, చివరి మడి ఎండును.

వినుకొండ బస్తీలో ఆటో ఎలక్ట్రీషియను ఒకడు దొరికెను. చూడగానే నవ్వి, "అమ్మా, ఇది బల్బుకు వేసే వైరు. ఫ్రిజ్జుకు పనికి రాదు" అని, లైటరు సాకెట్టు జోలికి పోక, బ్యాటరీనుండియే నేరుగా 6 చదరపు మిల్లీమీటర్ల రాగితీగను తొట్టివరకు లాగెను. బ్యాటరీ ధనపు కొనకు జానెడు దూరమున 15 యాంపియర్ల ఫ్యూజు పెట్టెను. ఫ్యూజు పెట్టె దగ్గర గాక బ్యాటరీ దగ్గరనే ఏల అని మేమడిగితిమి. తీగ ఎచ్చటనైన ఒరసికొని ఇనుమునకు తగిలినచో, ఆ తగిలిన చోటికి బ్యాటరీకి నడుమ ఫ్యూజు ఉన్నగాని నిప్పు ఆగదని చెప్పెను. ఇంత చిన్న మాటలో ఎంత ప్రాణరక్షణ యున్నది! తీగను ఇంజను వేడికి దూరముగా, గొట్టములో దూర్చి, అంచులు కోయకుండ రబ్బరు పెట్టి కట్టెను. గంటన్నర పట్టెను. చివర పెట్టెవద్ద మీటరు 12.4 చూపగా ఎఱ్ఱదీపము ఆరెను. మందుపెట్టె లోపల అప్పటికి 8 డిగ్రీలు.

ఆ గంటన్నర మా ప్రయాణమును వెనుకకు నెట్టెను. త్రిపురాంతకము చేరునప్పటికి ప్రొద్దు వాలెను. కుమారగిరిపై త్రిపురాంతకేశ్వరుని దర్శించి, క్రింద చెఱువులోనున్న బాలాత్రిపురసుందరీదేవి గుడికి వచ్చితిమి. మా అత్తగారు కొండ ఎక్కి దిగుటకు చాల కాలము పట్టెను, తొందరపెట్టుటకు మాకు నోరాడలేదు. అందువలన దోర్నాల అటవీశాఖవారి గేటు వద్దకు మేము పోవునప్పటికి రాత్రి తొమ్మిది దాటి ఇరువది నిమిషములు. గేటు మూసిరి.

ఈ గేటు కథ తెలియని వారికి చెప్పవలెను. దోర్నాలనుండి శ్రీశైలమునకు ఇంచుమించు 50 కిలోమీటర్ల ఘాటురోడ్డు నల్లమల అడవిగుండ పోవును. నాగార్జునసాగరు–శ్రీశైలము పులుల అభయారణ్యము ఇది. 2014 రాష్ట్రవిభజన పిమ్మట కృష్ణకు ఆవలి భాగము అమ్రాబాదు అభయారణ్యముగా వేరుపడెను. రాత్రివేళ బండ్ల క్రింద పడి మృగములు చావకుండ, రాత్రి తొమ్మిదినుండి ఉదయము ఆరువరకు త్రోవ మూయుదురు. బ్రతిమాలిన లాభము లేదు; లేకుండుటయే న్యాయము. మాకు ముందే పది పన్నెండు బండ్లు వరుసగా నిలిచి యుండెను. మామిడికాయల లారీ ఒకటి, పెండ్లివారి వ్యాను ఒకటి. దగ్గర ఉన్న బసలలో గది దొరకలేదు. గోడ ప్లగ్గు ఆశ అంతటితో పోయెను. టీ దుకాణము ముందరి బల్లపై అత్తగారికి పక్క వేసి, మేము తొట్టిలో బొంత పరచుకొంటిమి.

పంచాంగము అట్టపై వేసిన లెక్క ఆ రాత్రి నిజముగా పరీక్షకు వచ్చెను. తొమ్మిదిన్నరకు మీటరు 12.6. చుట్టును అడవిచీకటి. లారీలవారి మాటలు సద్దుమణగిన పిమ్మట మా చెవికి కంప్రెసరు గురగుర తప్ప వేరొకటి వినబడలేదు. ఏడు నిమిషములు తిరుగును, పదుమూడు నిమిషములు మౌనము. మేము జపమాల త్రిప్పునట్లు ఆ నిమిషములను లెక్కించుచు పడుకొంటిమి. ఒంటిగంటకు 12.4. నాలుగు గంటలకు మా మరిది లేచి చూడగా, పెట్టె తిరుగుచున్నప్పుడు 12.1. నిండు బ్యాటరీ విశ్రాంతిలో 12.6 చూపును; 12.2 అన్నచో సగము ఖాళీ, 11.8 అన్నచో అడుగంటినట్లే. తిరుగుచుండగా చూచినది కొంత తక్కువగా కనబడును గాని, ఏడుగంటలలో అంత దిగుట మా లెక్కకు సరిపడలేదు. కారణము మా మరిదియే చెప్పెను. బ్యాటరీ కొని మూడేండ్లయినది. పైన 80 అని వ్రాసి యున్నను, మూడేండ్ల ఎండలు తిన్న బ్యాటరీ పట్టు అంత ఉండదు. గాదె పైకి అంతే యెత్తు కనబడును, లోపల అడుగున మట్టి పేరుకొని యుండును. పైగా బండి బ్యాటరీలోని సీసపు పలకలు పలుచనివి. ఒక్క పెట్టున ఇచ్చుటకు చేసినవి గాని, రాత్రియెల్ల కొంచెము కొంచెముగా లోతువరకు తోడుకొనుటకు చేసినవి కావు. అట్లు పలుమారులు తోడినచో త్వరగా చెడును.

ఇంజనును ఒక గంట త్రిప్పి బ్యాటరీ నింపుదమా? నిలుచున్న బండిలో ఇంజను మెల్లగా తిరుగునప్పుడు ఆల్టర్నేటరు ఇచ్చునది తక్కువ. సీసపు బ్యాటరీ నిండుటకు గంటలకొలది పరుగు కావలెను. అదిగాక పులుల వాకిట, నిద్రించు జనుల నడుమ, డీజిలు పొగ. వద్దనుకొంటిమి. పెట్టెను అట్లే విడిచినచో తెల్లవారి బండి కదలకపోవచ్చును. ఆపినచో మందు వేడెక్కవచ్చును. మావారు, మరిది ఇట్లు తర్కించుచుండగా అత్తగారు లేచి కూర్చుండిరి. సంగతి విని, "అమ్మాయీ, ఇప్పుడు లోపల ఎంత ఉంది?" అని మమ్మడిగిరి.

"నాలుగు ఉన్నదండీ అత్తయ్యగారూ."

"ఎనిమిది దాకా ఫరవాలేదు గదా. ఆపెయ్యండి. రెండు గంటలకేమీ కాదు. బండి కదలకపోతే ఆ మందును అడవిలో ఏం చేసుకుంటాం?"

గోడలలోని దూదివంటి పొరయు, లోపలి చల్లని సీసాలును పనిచేయునని ఆమెకు ఎవరును చెప్పలేదు. అన్నము గంజి వార్చి గడ్డిచుట్టలో దించిన గిన్నె ఎంతసేపు వేడి నిలుపునో ఎరిగినవారికి చలువను గూర్చి వేరుగా చెప్పనేల? పెట్టెను ఆపి, మూత తెరువక, పైన రెండు బొంతలు కప్పితిమి. ఉష్ణమాపకపు తీగ బయటికి ఉండుటచేత మూత తెరువకయే చూడవచ్చును. ఐదు గంటలకు 5 డిగ్రీలు. ఆరింటికి 6. గేటువద్ద ఈల వినబడెను. ముందున్న లారీలు ఒకటొకటిగా మేల్కొనెను. మా మరిది తాళపుచెవి త్రిప్పినప్పుడు సెల్ఫు ఒక్కమారు మూలిగినట్లు నీరసముగా తిరిగి, రెండవమారు ఇంజనును అందుకొనెను. మా అత్తగారు "మల్లన్నా" అనిరి. మేమును అంటిమి. పెట్టె మీట వేయగానే అదియు గురగురమనెను.

ఘాటురోడ్డుపై వేకువ వర్ణింపదగినదే. వేసవికి ఆకు రాల్చిన వెదుళ్లు, రోడ్డు అంచున కొండముచ్చుల బారులు, తేనె అమ్ము చెంచుల పాకలు. శిఖరేశ్వరము దాటి క్షేత్రము చేరితిమి. సత్రములో గోడ ప్లగ్గు దొరికెను. పెట్టెతో వచ్చిన అడాప్టరుతో రెండు రాత్రులు నిశ్చింతగా నడచెను. సాక్షిగణపతి, పాతాళగంగ, స్వామి దర్శనము, అన్నియు తృప్తిగా జరిగెను. తిరుగుదారిలో ఆనకట్టమీద కొంచెము నిలిచితిమి. కుడిగట్టు విద్యుత్కేంద్రమున ఒక్కొక్కటి 110 మెగావాట్ల చొప్పున ఏడు యంత్రములు, ఎడమగట్టున 150 చొప్పున ఆరు. అంత విద్యుత్తు పుట్టు కొండకు నలుబది మైళ్ల లోపల, ఆరువది వాట్లకై రాత్రియెల్ల మీటరు చూచుచు కూర్చుంటిమి గదా యని మావారు నవ్విరి. కరెంటు ఎంత పుట్టినను తీగ చేరిన చోటికే చేరును.

ఆనకట్ట దాటి, మన్ననూరు మీదుగా ఉమామహేశ్వరము పోయితిమి. కొండచరియ క్రింద గుడి. మండువేసవిలోను చరియనుండి నీరు ఊరుచుండును. ఆ చల్లదనమునకు ఏ కంప్రెసరును సరిరాదు. అటనుండి తుంగభద్రాతీరమున అలంపురము. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మాలయములు, 2005లో తిరిగి నిర్మించిన జోగులాంబ గుడి చూచితిమి. శ్రీశైలము జలాశయమున మునుగవలసిన కూడలి సంగమేశ్వరాలయమును రాతికి రాయి విప్పి తెచ్చి ఇక్కడ నిలిపిరి. మనము దీపము వేసికొనుటకు ఒక గుడి లేచి నడచి వచ్చెనని అత్తగారు దానికి ప్రత్యేకముగా ప్రదక్షిణము చేసిరి.

కర్నూలులో మా మరిది పట్టుపట్టి ఒక పని చేయించెను. దోర్నాల రాత్రి మరల రాకూడదని, తొట్టి మూలను ఫ్రిజ్జుకొఱకే రెండవ బ్యాటరీ యొకటి బిగింపించెను. మన ఇండ్లలో ఇన్వర్టరు క్రింద పొడుగాటి బ్యాటరీ ఉండునే, దానివలె మందపు పలకలు గలది, లోతుగా తోడినను ఓర్చునది. అయితే కదలు బండికి తగినట్లు ద్రవము చిందకుండ మూసిన రకము. రెంటి నడుమ ఐసొలేటరు అను చిన్న డబ్బా. ఇంజను తిరిగి వోల్టులు 13.3 దాటగానే అది రెండు గాదెలకు నడుమ తలుపు తెరచును. ఇంజను ఆగి 12.8కి దిగగానే మూయును. ఇక రాత్రి ఫ్రిజ్జు ఎంత త్రాగినను సెల్ఫుమోటారు సొమ్ము ముట్టుకొనలేదు. ఉమ్మడి కుటుంబమున చిన్నకోడలికి వేరు డబ్బా ఇచ్చినట్లున్నదని మేమన్నందుకు అత్తగారు మావైపు ఓరగా చూచిరి.

ఆ దుకాణమువారు చెప్పిన మాటలు రెండు సోదరీమణులకు ఉపయోగించును. క్రొత్త బండ్లు కొన్నింటిలో ఆల్టర్నేటరు డీజిలు ఆదాకొఱకు వోల్టులను తానే తగ్గించుకొనును; అట్టివానిలో ఈ తలుపు సరిగా తెరచుకొనదు, వోల్టులను పెంచి ఇచ్చు వేరొక ఛార్జరు కావలెను. లిథియం బ్యాటరీ వేయదలచినను అట్లే. సీసపు బ్యాటరీకంటె అది చాల తేలిక, కాని ఇంజను ప్రక్క వేడిలో పెట్టరాదు. సీసపు బ్యాటరీ నిండునప్పుడు వాయువు వెడలవచ్చును గనుక మనుషులు కూర్చుండు క్యాబినులో బిగింపరాదు. కొందఱు పన్నెండు వోల్టులను ఇన్వర్టరుతో 230కి పెంచి, మరల అడాప్టరుతో పన్నెండుకు దించి ఫ్రిజ్జుకు ఇత్తురట. పెంచుటలో కొంత, దించుటలో కొంత తరుగు. ధాన్యము రెండుమారులు కొలిచిన రెండుమారులు నేలపాలగును.

సిద్ధవటము చేరినది ఏడవనాటి సాయంకాలము. పెన్నానది ఇసుకలో సన్నని పాయగా పారుచుండెను, ఒడ్డున కోట. ఆ రాత్రి ఊరి వెలుపల చింతతోపులోనే బండి నిలిపి పడుకొంటిమి. కంప్రెసరు తన మానమున తాను తిరుగుచుండెను, నిమిషములు లెక్కించువారు ఎవరును లేరు. వేకువను మీటరు చూడగా ఫ్రిజ్జు బ్యాటరీ 12.3, బండి బ్యాటరీ 12.6. సెల్ఫు ఒక్క త్రిప్పునకే అందుకొనెను.

బద్వేలు మీదుగా ఇల్లు చేరి, గొట్టములను గుడ్డలోనుండి విప్పి చూచితిమి. ఎనిమిదింటిలో వాడుకకు పోయినవి రెండు, మిగిలినవి ఆరు. ఉష్ణమాపకము 5 డిగ్రీలు చూపుచుండెను. వానిని ఇంటి ఫ్రిజ్జులోనికి మార్చి, పెట్టెను తుడిచి, మూత కొంచెము తెరచి ఆరబెట్టితిమి. మూసియే యుంచినచో ముక్క వాసన పట్టును. మా మరిది మరునాడే దానిని మరల బండిలో కెక్కించుకొని పోయెను. ఈ మారు అందులో పోసినది మందు కాదు, మామిడిపండ్ల రసము.